బమ్రోలి సందుకూ రొయ్యల గట్టుకూ ఒకే బండి

నర్సు ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషిని ఎవరైనా ఏమడుగుతారు? జ్వరానికి ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతారు. సూది ఎవరి దగ్గర వేయించుకుంటే నొప్పి ఉండదని అడుగుతారు. నన్ను మాత్రం మా వీధి పిల్లలు పాత ఫోర్‌వీల్ జీపు కొనాలంటే ఏమేం చూడాలని అడుగుతారు. నాకు బండి నడపడం రాదు. స్కూటీ కూడా రాదు. అయినా ఆ విషయంలో నా అంత అధికారంగా మాట్లాడే మనిషి సూరత్‌లోని ఈ బమ్రోలిలో మరొకరు లేరు. ఆ అధికారం ఎలా వచ్చిందో ఇవాళ చెప్పేస్తాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు, అందులోనూ ‘అది నా డ్యూటీ కాదు’ అని తప్పించుకునే పిల్లలు, కాస్త చెవి ఇటు పెట్టండి.

మాది లూమ్ కార్మికుల కోసం ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానా. సిరిసిల్ల, జగిత్యాల దిక్కు నుంచి వచ్చి సూరత్ మగ్గాల మీద బతికే మనవాళ్ళకు అదే పెద్దాసుపత్రి. అందులో ముగ్గురమే లెక్కకు వచ్చేవాళ్ళం. డాక్టరుగారు గుజరాతీ మనిషి, సర్కారు ఆసుపత్రిలో రిటైరై మా దగ్గరికి వచ్చారు. ఎంత మంచివారో అంత జాగ్రత్తపరులు. కరోనా నడిచిన ఆ రెండేళ్ళూ ఆయన చేతిలోంచి జ్వరం చూసే గన్ను దిగలేదు. పాలవాడికి పెట్టారు, పోస్టువాడికి పెట్టారు, ఒకసారి గడప మీద పడుకున్న కుక్కకు కూడా పెట్టి చూసి, దాని వేడి కాస్త ఎక్కువే ఉందని నాతో రహస్యంగా చెప్పారు.

మూడోవాడు మా డ్రైవరు. లూమ్ ఖాతాలో, అంటే మగ్గాల కార్ఖానాలో, చాలా ఏళ్ళు పనిచేసి, ఆ చప్పుడుకు ఒక చెవి మందగించాక స్టీరింగు పట్టాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమ్మీ అంటాను. తనకు తెలియని బండి ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదని అతని నమ్మకం. మూతికి మాస్కు ఉండేది గానీ మాటకు ఉండేది కాదు.

కరోనా రెండో అల తగ్గుతున్న రోజుల్లో మా పాత వ్యాను ప్రాణం విడిచింది. పాపం, రోగులను మోసీ మోసీ పోయింది. ట్రస్టువాళ్ళు ఒక్కటే మాట అన్నారు: కొత్తది కుదరదు, పాతదే చూసుకోండి, అదీ ఒక్కటే. వారంలో కొన్ని రోజులు ఆ బండి బమ్రోలి, వడోద్ సందుల్లో తిరగాలి. మిగతా రోజులు సచిన్ అనే ఊరు దాటి సముద్రం వైపున్న రొయ్యల చెరువులకు పోవాలి. అక్కడ చెరువుల మధ్య ఉన్నది రోడ్డు కాదు, బంకమట్టి గట్టు. చినుకు పడితే చాలు, అది గట్టో జిగురో చెప్పలేం. అందుకని నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కావాలని తీర్మానమైంది.

నిజం చెప్పాలంటే ఆ తీర్మానం చేయించింది నేనే. దానికో కారణం ఉంది.

ఆ చెరువుల మీద పనికి గోదావరి జిల్లా నుంచి ఒక జంట వచ్చి ఉండేది. గట్టు చివర పాక వేసుకుని ఉండేవాళ్ళు. ఆ అమ్మాయికి తెలుగు మాట్లాడే మనిషి దొరకడమే పండగ. నేను పోయినప్పుడల్లా నా తెలంగాణ మాటలకు కిసుక్కున నవ్వేది, నేను ఆమె ‘ఆయ్, అలాగేనండి’కి నవ్వేదాన్ని. మొదటి లాక్‌డౌన్‌లో ఆమెకు తొలికాన్పు నొప్పులు వచ్చాయి. అంబులెన్సు తారురోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. భర్త, ఇంకో ఇద్దరూ మంచం మీద మోసుకుపోతుంటే గట్టు మీదే కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. “అందరూ నా మొహం చూస్తన్నారండీ, నేనేమో ఏడుపు ఎప్పుడు వినపడతాదా అని చూస్తన్నానండీ” అంది. 

ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. బిడ్డ కడుపులో అడ్డంగా ఉంది. నెలలు పడేకొద్దీ తిరుగుతుందేమోనని చూశాం, తిరగలేదు. ఆపరేషన్ తప్పదు, పాకలో కాన్పయ్యే ప్రశ్నే లేదు.

“నర్సుగారండీ, ఈసారి బండి మా పాక దాకా వస్తాదంటారాండీ?” అని అడిగింది.

“వస్తది. నేను తెప్పిస్త” అన్నాను.

ఎవరినీ అడక్కుండా, చేతిలో బండి లేకుండా ఇచ్చిన మాట అది. గాలికి పోయే ముళ్ళకంపను నెత్తికి తగిలించుకున్నానని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

బండ్ల వేట మొదలైంది. మొదటి దుకాణంలో మా డ్రైవరు తమ్ముడు ఒక ఎర్రటి జీపును చూసి అక్కడే ఆగిపోయాడు. చక్రాలు నా నడుము దాకా ఉన్నాయి. నెత్తి మీద వరసగా లైట్లు, ముందు ఇనుప కొమ్ములు.

“అక్కా, గీ బండి చూడు. పులి లెక్క ఉన్నది!”

“పులి మీదికి నిండు నెలల ఆడమనిషిని ఎట్ల ఎక్కిస్తవ్ తమ్మీ? నిచ్చెన గిట్ల ఇస్తరా?”

చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేనే ఎక్కబోయి, సగంలో ఆగి, పైకీ పోలేక కిందికీ రాలేక కాసేపు వేలాడాను. డాక్టరుగారు ఆ సమయంలో మర్యాదగా ఆకాశం వైపు చూశారు. అయినా తమ్ముడి మనసు నొప్పించడం ఎందుకని ఆ బండిని బమ్రోలి సందులోకి తెప్పించాం. మొదటి మలుపులోనే ఇరుక్కుంది. ముందుకు పోతే ఒకరి కుళాయి, వెనక్కి పోతే ఇంకొకరి మెట్టు. పైగా బ్రేకులు అంతంతమాత్రం. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని ఒక ముసలాయన అరుగు మీద నుంచే తీర్పు చెప్పాడు.

రెండోది తెల్లటి బండి, మెత్తటి సీట్లు, చల్లటి ఏసీ. దాన్ని చూసి ఈసారి డాక్టరుగారు పడిపోయారు. ఇక్కడ నా పరీక్ష ఒకటి చెప్పాలి. మన ఆడవాళ్ళం బోనం నెత్తిన పెట్టుకుని వీధులు దాటిస్తాం. నడక సరిగా ఉంటే కుండ కదలదు. అదే లెక్కన నేను నిండా నీళ్ళు పోసిన ఇత్తడి బిందెను ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చునేదాన్ని. బండి స్పీడ్‌బ్రేకర్లు దాటేటప్పుడు ఎంత ఒలికితే గర్భిణికి అంత కష్టమని నా సూత్రం. తెల్ల బండిలో ఒక్క చుక్క ఒలకలేదు. డాక్టరుగారు “ఫైనల్ బెన్!” అనేశారు. గుజరాతీలో బెన్ అంటే అక్కయ్యే.

అప్పుడు మా తమ్ముడు నేల మీద పాత పేపరు పరిచి బండి కిందికి దూరాడు. చాలాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి. బయటికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

“అక్కా, ముంగటి షాఫ్టే లేదు!”

ఇంజను బలం ముందు చక్రాలకు ఒక ఇనుప కడ్డీ ద్వారా అందుతుందట. అది లేకపోతే ఫోర్‌వీల్ అనేది ఉత్త పేరే. దుకాణందారు ఏమాత్రం తొణక్కుండా, “నికాల్ దియా సాబ్. మైలేజ్ అచ్ఛా ఆతా హై” అన్నాడు. మైలేజీ బాగా వస్తుందని తీసేశాడట.

“మరి ఈ ఫోర్‌వీల్ మీట ఎందుకు ఉంచావయ్యా?” అని డాక్టరుగారు అడిగారు.

“శోభా మాటే, సాబ్” అన్నాడు. అలంకారానికట.

పైన పటారం, లోన లొటారం అని నేను తెలుగులోనే అనేసి వచ్చేశాను.

మూడోది వడోద్‌లో ఒక రేకుల షెడ్డు వెనక దొరికింది. రంగు వెలిసిన పొడుగాటి పాత జీపు. అమ్మేవాడికి దాని గురించి ఏమీ తెలియదు. బండి బావగారిదట, బావగారు అమ్మకం కాగితాల మీద సంతకాలు పెట్టి ఊరెళ్ళారట, ఫోను ఎత్తరట. ఏం అడిగినా “బావకే తెలుసు” అనేవాడు. కానీ బండి సన్నంగా ఉంది, సందులో చేపలా జారిపోయింది. వెనక రెండు బెంచీలు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకటి తీసేస్తే మనిషి పడుకోవచ్చు. మెట్టు కిందికి ఉంది, చీరతో ఎక్కొచ్చు. తమ్ముడు మళ్ళీ కిందికి దూరాడు. మీట లాగించి, ముందు షాఫ్టు ఉందనీ తిరుగుతోందనీ కళ్ళారా చూసి వచ్చాడు.

ఇక నా బిందె వంతు. మొదటి స్పీడ్‌బ్రేకర్‌కే సగం బిందె నా మీద ఒలికింది. రెండోదానికి మిగతా సగం. నిలువునా తడిసి దిగాను.

“వద్దు తమ్మీ. ఇది బండి కాదు, గుర్రం.”

“అక్కా, జర ఆగు. కింద స్ప్రింగులకు ఇనుప పట్టీలున్న బండి ఇది. ఖాళీగ ఉంటె ఎగురుతది. బరువు వెయ్యాలె, అప్పుడు చూడు.”

బరువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మా తతంగం చూడటానికి సందులో ఆడవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. నలుగురు పుష్టిగా ఉన్నవాళ్ళను ఎంచి ఎక్కించాం. “మమ్మల్నే ఎందుకు పిలిచిన్రు?” అని వాళ్ళు అడిగితే, “మీరు అదృష్టవంతులని” అన్నాడు తమ్ముడు. మళ్ళీ బిందె నింపి పోతే, నిజంగానే బండి బుద్ధిగా నడిచింది. నాలుగు చుక్కలు చెంగు మీద పడ్డాయి, అంతే. మనుషులు కూడా అంతేనేమో, మీద కాస్త బరువు పడేదాకా ఎగురుతూనే ఉంటారు.

బండి మాదైంది. మరునాడు పూజ. తమ్ముడి భార్య ఆధ్వర్యంలో సందు సందంతా దిగింది. బానెట్టుకు పసుపు, అద్దానికి కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ముందు చక్రాల నడిమధ్య గుండ్రటి గుబ్బల్లాంటివి ఉంటే, బొట్టు పెట్టడానికే చేసినట్టున్నాయని, వాటికి పసుపు ముద్దలు మెత్తి, ఒక్కొక్కదానికి రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టారు. అది ఎండి గట్టిపడింది. కడగబోతే ఆమె ఒప్పుకోలేదు, శుభం పోతుందంది.

వారం తిరగకుండా వానలు మొదలయ్యాయి. ఆ రోజు ముసురులోనే చెరువులకు బయలుదేరాం. ఆ అమ్మాయిని చూసి, ముందుగానే తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పిద్దామని మా ఆలోచన. తారురోడ్డు దిగి గట్టు ఎక్కాం. సగం దూరం దాకా మా తమ్ముడు రాజులా నడిపాడు. అక్కడ బండి ఒక పక్కకు జారి, కుంగి, ఆగిపోయింది.

“ఏం ఫికర్ లేదు అక్కా. ఇప్పుడు చూడు తమాషా” అని ఫోర్‌వీల్ మీట లాగాడు. దీపం వెలిగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి చెరువు బురదంతా గాలిలోకి లేపాయి. ముందు చక్రాలు మాత్రం అత్తగారింటికి వచ్చిన కొత్తల్లుడి మాదిరి కదలకుండా కూర్చున్నాయి. మళ్ళీ లాగాడు. మళ్ళీ దీపం వెలిగింది, మళ్ళీ బురద లేచింది.

డాక్టరుగారు కళ్ళద్దాల మీది బురద తుడుచుకుంటూ, “మళ్ళీ మోసపోయాం. రేపే వాపస్ ఇచ్చేద్దాం” అన్నారు.

“నై సాబ్, షాఫ్ట్ ఉన్నది! తిరుగుతున్నది కూడ! నేను నా కండ్లతోని చూసిన!” అని తమ్ముడు దాదాపు ఏడుపు గొంతుతో అన్నాడు.

అంతలో గట్టు చివర నుంచి ఆ అమ్మాయి భర్త జారుతూ లేస్తూ పరుగెత్తుకు వచ్చాడు.

“నొప్పులు మొదలైపోయాయండీ! తెల్లారగట్ల నుంచీనండి! ఫోను కలవట్లేదండీ!”

డాక్టరుగారు ఒక్క క్షణం ఆలోచించి, “మోసుకు రావాలి. వేరే దారి లేదు” అన్నారు. ఆ మాటకు అతని మొహం మాడిపోయింది. పోయినసారీ మోసింది అతనే కదా. తలూపి వెనక్కి తిరిగాడు. డాక్టరుగారు చెప్పులు చేతిలో పట్టుకుని, ఆ వయసులో, ఆ బురదలో అతని వెనకే పోయారు.  తెప్పిస్తానన్న బండి ఇక్కడే కూర్చుంది. బిడ్డ అడ్డంగా ఉంది. గట్టు ఇంకా సగం మిగిలింది.

నేనూ సామాన్ల సంచి తీసుకుని దిగాను. దిగీ దిగగానే బూటు బురదలో దిగబడిపోయింది. లాగితే కాలు వచ్చింది గానీ బూటు రాలేదు. బండి ముందు తలుపు మెట్టు మీద కూలబడి, వంగి దాన్ని పీకుతుంటే నా మొహం సరిగ్గా ముందు చక్రం ఎదుటికి వచ్చింది. వానకు పసుపు కరిగి కారుతోంది. కుంకుమ అప్పటికే పోయింది. ఆ గుబ్బ మీద ఒక బాణం గుర్తు బయటపడింది. ఒక పక్కన ఫ్రీ అని, ఇంకో పక్కన లాక్ అని ఇంగ్లీషు అక్షరాలు. బాణం ఫ్రీ వైపు ఉంది.

నాకు బండ్ల గురించి ఏమీ తెలియదని చెప్పాను కదా. కానీ ఆ రెండేళ్ళూ నేను ఆక్సిజన్ సిలిండర్లతోనే కాపురం చేశాను. పెద్ద మర తిప్పితే చాలదు. పక్కనున్న చిన్న మర కూడా తిప్పితేనే గాలి ముక్కు దాకా వస్తుంది. కంగారులో కొత్తవాళ్ళు అది మరచిపోతారు. ముల్లు నిండుగా చూపిస్తుంది, రోగి మాత్రం ఎగపోస్తూ ఉంటాడు.

“తమ్మీ! ఈడ ఇంకో మర ఉన్నది చూడు!”

“గిదేంది?” అని వంగి చూశాడు. భూమ్మీద తనకు తెలియనిది ఒకటి ఉందని అతని మొహం ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. “షాఫ్టు తిరిగినా చక్రానికి అందుతలేదా? చేత్తోని తిప్పాల్నా? నా...” ఆ తర్వాతి మాట నేను రాయను.

నేనే పట్టుకుని తిప్పాను. టక్కుమని లాక్ దగ్గర ఆగింది. రెండో వైపు చక్రం చెరువు పక్కన కుంగి ఉంది. అతను మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు. అటువైపు పసుపు ఇంకా కరగలేదు. గోళ్ళతో గీకుతూ, “పెండ్లాం పసుపు వెట్టిందా, సిమెంటు వెట్టిందా!” అని తిడుతూ, చివరికి తిప్పాడు.

మీట లాగాడు. అదే దీపం వెలిగింది. కానీ ఈసారి ముందు చక్రాలు ఒక్క కుదుపుతో తిరిగి, గట్టును కరిచి పట్టుకున్నాయి. బండి మెల్లగా, ముక్కుతూ, నత్తలా పైకి వచ్చింది. నేను ఒంటి బూటుతో పక్కన పరుగెత్తాను. అరిచానని తమ్ముడు తర్వాత చెప్పాడు, నాకు గుర్తు లేదు. సంతోషమంటే ఏమిటో నాకు పెళ్ళినాడు కూడా అంతగా తెలియలేదు.

వాళ్ళు ఆమెను మంచం మీద ఎక్కించి బయటికి తెస్తుండగా బండి పోయి పాక ముందు ఆగింది. డాక్టరుగారు చూసి, తనే ముందుకొచ్చి వెనక తలుపు తెరిచారు. వాపస్ మాట ఆయన నోట మళ్ళీ రాలేదు.

ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. నేను, డాక్టరుగారు, భర్త, మంచం మోయడానికి అతనికి తోడొచ్చిన ఇద్దరు చెరువు పనివాళ్ళూ ఎక్కేసరికి బరువు సరిపోయింది, బండి ఎగరలేదు. గట్టు దాటాక తమ్ముడు దిగి ఆ గుబ్బలను మళ్ళీ ఫ్రీకి తిప్పి, ఇదంతా తనకు పుట్టుకతోనే తెలిసినట్టు మొహం పెట్టి ఎక్కాడు. సచిన్ దగ్గర లారీలు, ఊళ్ళోకి వస్తే ఖాడీ, అంటే వాగు, పొంగి రోడ్డు మీద నీళ్ళు. పెద్ద కార్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. మా సన్నటి ముసలి జీపు వాటి మధ్య నుంచి నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. ఆమె నా చెయ్యి వదల్లేదు. “మాట్లాడండీ నర్సుగారూ, మీ యాసలో ఏదోటి మాట్లాడండీ” అంది. నేను ఎర్ర జీపుకు వేలాడిన సంగతి చెప్పాను. నొప్పి మధ్య నవ్వింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి ముందుగా గన్ను తీశాడు. డాక్టరుగారు దాన్ని చేత్తో పక్కకు తోసి, “పహలే అందర్, బాద్ మే బుఖార్” అన్నారు, ముందు లోపలికి, జ్వరం సంగతి తర్వాత అని. ఆ మనిషి నోట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు. లోపల కరోనాకు ముక్కు పరీక్ష చేస్తూనే ఆపరేషన్ గదికి తీసుకుపోయారు. భర్త ఒంటినిండా బురద, లోపలికి రానివ్వలేదు. నర్సునని నన్ను మాత్రం రానిచ్చారు. తమ్ముడు బయట జీపుకు ఆనుకుని వానలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి కూర్చోమంటే, “ఏం జెయ్యాలె అక్కా, కాళ్ళు వస్తలెవ్వు” అన్నాడు.

పాత బండి కొనేటప్పుడు ఏం చూడాలని అడిగారు కదా. కింద దూరి షాఫ్టు చూడండి, చక్రాల గుబ్బలు చూడండి, మెట్టు ఎత్తు చూడండి, మీ సందులో ఒకసారి తిప్పి చూడండి. పసుపు కాస్త తక్కువ పూయండి. వీటికన్నా ముందు, దాంట్లో ఎవరిని ఎక్కించాలో మనసులో పెట్టుకుని బజారుకు పొండి. మేం ముగ్గురం సరిగ్గా ఎంచామో, తలరాత బాగుండి బయటపడ్డామో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమెకు మత్తు దిగుతున్నప్పుడు మంచం పక్కన నేనే ఉన్నాను. కళ్ళు పూర్తిగా తెరవకముందే పెదాలు కదిలాయి. ఆడపిల్లా మగపిల్లాడా అని అడగలేదు.

“ఏడ్చిందాండీ?”

“ఏడ్చుడా? ఇంక ఆపుతనే లేదు తల్లీ! వార్డోళ్ళంత కొట్లాటకొస్తున్నరు. ఆడపిల్ల. నీ పక్కనే ఉన్నది. ఆగు, ఊరుకోబెడత” అని నేను బిడ్డ వైపు తిరిగాను.

ఆమె నా చెంగు పట్టుకుని ఆపింది.

“వద్దండీ. కాసేపు ఏడవనివ్వండి” అంది.